దారి చెప్పే గొంతు

మాట్లాడే కారు తనని నడిపే మనిషిని ఏమని పిలవాలి అన్న ఒక్క ముక్క తేల్చడానికి మా ఆఫీసులో వారమంతా మీటింగులు జరిగాయి. సార్ అంటే ఆడవాళ్ళు ఊరుకోరు. మేడమ్ అంటే మగవాళ్ళు ఊరుకోరు. పేరు పెట్టి పిలిస్తే, కారుకి అంత చనువెందుకని పెద్దవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. అక్కా, అన్నయ్యా అందామని ఎవరో అన్నారు. నేను ససేమిరా ఒప్పుకోలేదు. కారు చుట్టరికం కలిపితే, అది చెప్పిన మలుపు తిరగనప్పుడల్లా అలిగిందేమోనని మనిషికి బెంగ పట్టుకుంటుందని వాదించాను. చివరికి ఎవరినీ ఏమీ పిలవకుండా ఒక 'అండీ'తో సరిపెట్టాలని తేల్చారు. తేలినందుకు కేకు కోశారు. మా ఆఫీసులో ఏదైనా తేలడం తక్కువ.

మేం తయారు చేస్తున్న ఆ మాట్లాడే యంత్రం కొత్త చోట్లు చూడ్డానికి కారేసుకుని బయల్దేరేవాళ్ళ కోసం. దారి చెప్పాలి, అడిగినదానికి జవాబివ్వాలి, అడగనిదానికి నోరు మూసుకోవాలి. ఆ గొంతు పలికే మాటలు రాసేది నేను. అంతకుముందు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పేదాన్ని. ఆ ఉద్యోగాన్ని రికార్డు చేసిన గొంతొకటి ఎగరేసుకుపోయింది. ఇప్పుడు ఇంకా పుట్టని యంత్రం ఉద్యోగం నేను చేస్తున్నాను. చెల్లుకి చెల్లు.

చేస్తున్నాను అంటే నిజంగానే చేస్తున్నాను. యంత్రం పుట్టకముందే, జనం దాన్ని ఏమడుగుతారో, ఎక్కడ విసుక్కుంటారో తెలియాలి కదా. అందుకని మా పనిలో ఒక పద్ధతి ఉంది. యంత్రం బదులు మనిషిని కూర్చోబెడతారు. గోడలకి స్పాంజి అంటించిన చిన్న గదిలో నేను కూర్చుంటాను. ముందు రెండు తెరలు. ఒకదాంట్లో కారు అద్దానికి బిగించిన కెమెరా చూపించే రోడ్డు, రెండోదాంట్లో మ్యాపు. కారులో వాళ్ళు ఏదన్నా అడిగితే నేను మైకులో జవాబు చెబుతాను. పక్కన కూర్చున్న ఇంజనీరు నా మాటని దారిలోనే పట్టుకుని, ఇనప డబ్బాలో దొర్లించినట్టు చేసి కారులోకి వదులుతాడు. ఆయన్ని మేం గొంతు మాస్టారంటాం. కారులో వాళ్ళు యంత్రంతోనే మాట్లాడుతున్నామనుకుంటారు.

నియమాలు మూడే. కోపం రాకూడదు, నవ్వు రాకూడదు, అర్థం కాకపోతే "క్షమించండి, నాకు తెలియలేదు" అన్న మీట నొక్కాలి. కోడలిగా ఇంత అనుభవం ఉండగా ఇదొక లెక్కా అనుకున్నాను.

కారుల్లో తిరిగేవాళ్ళు మా ఉద్యోగుల ఇళ్ళలోవాళ్ళే. బయటివాళ్ళని పిలిస్తే ఇన్సూరెన్సుతో తలనొప్పి. వాళ్ళ సొంత కారులోనే పెట్టె బిగించి, రోజుకో కొత్త చోటికి వెళ్ళి రమ్మంటాం. ఎవరింటి మనిషి వాళ్ళకి రాకూడదని ఒక నియమం పెట్టారు. ఇంతలో గోప్యత సంగతులు చూసే ఆవిడ వచ్చి, తిరిగేవాళ్ళ పేర్లు మాకు తెలియకూడదంటూ అన్నీ తీసేసి నంబర్లు వేసింది. దాంతో ఎవరింటి మనిషి ఎవరికి వస్తున్నదీ తెలిసే దారి మూసుకుపోయింది. ఈ రెండు నియమాలు పెట్టినందుకూ విడివిడిగా కేకులు కోశారు.

మా అత్తగారి పేరు ఇచ్చింది మా ఆయన. ఆ సంగతి నాకు తెలుసు. అయితే ఈ పనికి నాతోపాటు ఇంకొకావిడ ఉంది, అత్తగారు ఆవిడకే వెళ్తారనుకున్నాను. ఆవిడ పురిటికి సెలవు పెట్టింది.

ఆ ఉదయం చెవుల్లో గొంతు వినబడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి.

"నమస్కారం. నీకు ఇబ్బంది లేకపోతే నన్ను పాత లైట్‌హౌసుకి తీసుకెళ్తావా?"

అత్తగారు. పెద్ద బడికి ఏళ్ళ తరబడి హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. నోరు విప్పకుండా, ఒక్క చూపుతో ఆరొందలమంది పిల్లల్ని వరసలో నిలబెట్టేవారట. మామగారు పోయాక, ఆయన కారు అమ్మేద్దామని మా ఆయన అన్నాడు. అత్తగారు ఒక్క మాట కూడా అనలేదు. తాళం తీసుకుని బయటికి వెళ్ళి, భోజనాల వేళకి వచ్చారు. అప్పట్నుంచీ రోజూ ఎక్కడికో ఒకచోటికి కారులో వెళ్ళొస్తూనే ఉన్నారు. ఆ కారొక్కటే ఆవిడ సొంత గదిలా ఉండేది.

నేను వెంటనే మైకు కట్టేసి, ఈవిడ మా అత్తగారని గొంతు మాస్టారికి చెప్పాలి. చెప్పబోయాను కూడా. కానీ "నీకు ఇబ్బంది లేకపోతే" అన్న ఆ మాట నన్ను ఆపేసింది. పెళ్ళై తొమ్మిదేళ్ళయింది. ఆవిడ నన్ను ఎప్పుడూ అలా అడగలేదు. ఇంట్లో ఆవిడకి ఏదన్నా కావాలంటే కొడుకుతో చెబుతారు, కొడుకు నాతో చెబుతాడు. ఈమధ్య అయితే నా మొహంవైపు కూడా చూడరు. మాట్లాడక తప్పకపోతే, నా చెవి పక్కనున్న గోడతో మాట్లాడతారు. చదువుకున్న గర్వంతో కళ్ళు నెత్తికెక్కాయని నా నిశ్చితాభిప్రాయం. అలాంటి మనిషి, డబ్బాలో దొర్లే గొంతుకి నమస్కారం పెడుతుంటే ఎలా వదులుకోను? ఆశ పుట్టింది. మైకు మీదున్న చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"తప్పకుండానండీ. ముందు కుడివైపు తిరగండి," అన్నాను.

"ఎంత మర్యాద," అన్నారు అత్తగారు.

మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళు నెత్తిన పెట్టుకున్నాం, ఇంకో మాట లేదు. లైట్‌హౌసు కట్టడానికి ఎన్నేళ్ళు పట్టిందో చెబితే, అంత నిదానంగా కట్టినవాళ్ళ మీద ఆవిడ పెద్ద ఉపన్యాసమిచ్చారు. సరస్సు దగ్గర గంటసేపు ఆగి, మామగారు ఈత రాకపోయినా వచ్చని చెప్పి పెళ్ళి చేసుకున్న సంగతి చెప్పారు. నా గురించి కూడా చెప్పారు. "మా కోడలు మంచిదే. ఇంటికొచ్చాక కూడా గదిలో తలుపేసుకుని చెవులకి డొప్పలు పెట్టుకుని పని చేసుకుంటుంది. తలుపు తడితే 'ఏంటండీ' అంటుంది. ఆ 'ఏంటండీ' వింటే ఎందుకు తట్టానో కూడా మర్చిపోతాను."

దానికి ఏ మీటా లేదు. "క్షమించండి, నాకు తెలియలేదు" నొక్కాను. "నీకెలా తెలుస్తుందిలే," అని ఆవిడే నన్ను ఓదార్చారు.

సాయంత్రం ఇంటికి వెళ్తే ఇద్దరం ఎప్పటిలాగే. ఆవిడ గోడతో, నేను మా ఆయనతో.

కొన్నాళ్ళకి ఆవిడ బోర్డులు చదవమనడం మొదలుపెట్టారు. మొదట, "ఆ కొట్టు మీద ఏం రాసుంది?" తర్వాత, "ఈ వీధి పేరేంటి?" చదివి పెట్టాను. కొత్త చోటు చూసే సరదా అనుకున్నాను. మా టీమ్ పెద్దకి ఇది తెగ నచ్చేసింది. ఏం విన్నా ముందు ఆహా అంటాడు కాబట్టి ఆయన్ని ఆహా సార్ అంటాం. "ఆహా! యాత్రికులకి బోర్డులు చదివి పెట్టే కారు! ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు!" అని, ఆ నంబరు యాత్రికురాలిని మా అందరికీ ఆదర్శం చేసేశాడు.

ఆ తర్వాత ఒకరోజు కూడలి దగ్గర అత్తగారు మెల్లగా అడిగారు.

"సిగ్నల్ ఇప్పుడు ఏ రంగులో ఉంది?"

తెరలో ఎర్రగా, నా పిడికిలంత కనబడుతోంది.

"ఎరుపండీ."

"పచ్చ పడగానే చెప్పు."

చెప్పాను. కారు కదిలింది. కొంతదూరం వెళ్ళాక ఆవిడ అన్నారు. "నీతో ఒక మాట చెప్పుకోవచ్చా? ఎవరికీ చెప్పవు కదా?"

దానికి మీట ఉంది. రాసింది నేనే. "మీ మాటలు ఈ కారు దాటి వెళ్ళవండీ."

"నాకు మధ్యలో కనబడటం లేదు. అంచులు బాగానే కనబడతాయి. దేన్నైనా సూటిగా చూస్తే అదే మాయమవుతుంది. మొహం చూస్తే మొహం ఉండాల్సిన చోట మసక. పక్కకి చూస్తే కాస్త కళ్ళూ ముక్కూ తెలుస్తాయి. మా కోడలితో మాట్లాడాలంటే దాని చెవి పక్కకి చూసి మాట్లాడాలి. లెక్కచేయడం లేదనుకుంటోంది పాపం. అనుకోనీ. చెబితే మావాడు తాళం లాక్కుంటాడు. తాళం పోతే ఇంట్లో కూర్చుని ఆ గోడల్ని చూస్తూ ఉండాలి. వాటినీ పక్కకే చూడాలి."

ఆవిడ చిన్నగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ చూపు మీద ఇన్నాళ్ళూ నేనెన్ని కోపాలు పెంచుకున్నానో, ఆ కోపాలన్నీ ఏం చేసుకోవాలో తెలియలేదు. తెరమీద రోడ్డు పరిగెడుతూనే ఉంది. "ముందు మలుపుందండీ, వేగం తగ్గించండి," అన్నాను.

ఆ రోజు నుంచి నా బతుకు తెర మీదే అయిపోయింది. ఆవిడకి కళ్ళు నేనే. ఒంట్లో బాగాలేకపోయినా ఆఫీసుకి వెళ్ళాను. ఒళ్ళు కాలిపోతుంటే ముక్కు తుడుచుకుంటూ "ఎడమకి తిరగండీ" అన్నాను. యంత్రానికి జలుబు చేసిందా అని ఆవిడ అడిగారు. మా ఆయనకి చెబితే సాయంత్రానికే కారు అమ్మేస్తాడు. ఆ మాట ఎవరి ద్వారా బయటికొచ్చిందో ఆవిడకి తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆవిడ నాతో గోడకి చెప్పినట్టు కూడా మాట్లాడరు. చెప్పకపోతే ఎవరో ఒకరు ఆ కారు కింద పడతారు. ఈ రెంటి మధ్యా నేను అన్నం సయించక తిరుగుతున్నాను. వీటన్నిటికంటే నన్ను కాల్చేసింది మరొకటి. నేను లేకపోతే ఆవిడ భయపడి ఎప్పుడో మానేసేవారు. నేను బాగా పని చేస్తున్నాను కాబట్టే నడుపుతున్నారు.

మీటింగులో ఆహా సార్‌ని అడిగాను. "ఒకవేళ కారు నడిపేవాళ్ళకి చూపు సరిగ్గా లేకపోతే, ఈ బోర్డులు చదవడం ప్రమాదం కాదాండీ?"

"చూపు లేనివాళ్ళు కారెందుకు నడుపుతారండీ?" అన్నాడాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నెలాఖరు దగ్గర్లో ఉంది.

ఇంట్లో భోజనాల దగ్గర, ఏమీ ఎరగనట్టు మా ఆయనతో అన్నాను. "అత్తయ్యని ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపిద్దామా? నేనూ చూపించుకోవాలి."

"నా కళ్ళకేం రోగం?" అన్నారు అత్తగారు, నా చెవి పక్కకి చూస్తూ. "నిక్షేపంగా ఉన్నాయి."

మర్నాడు కారులో నాతో చెప్పుకున్నారు. "మా కోడలికి అనుమానం వచ్చినట్టుంది. జాగ్రత్తగా ఉండాలి మనం."

మనం అన్నారు. నేను ధైర్యం చేసి, యంత్రం గొంతుతోనే, "కళ్ళ డాక్టరుని కలిస్తే మంచిదండీ," అన్నాను. ఆవిడ "నువ్వు కూడానా" అని, ఆ రోజు చూడబోతున్న కోట చేరేదాకా నోరు విప్పలేదు. కోటలో కూడా నన్నేమీ అడగలేదు. ఏ రాజు కట్టించాడో చెప్పడానికి నేను సిద్ధంగా కూర్చున్నాను.

ఆ వారం చివర మా ఆయనకి చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. ఏమైతే అదవుతుంది, ఆ రాత్రికి చెప్పేయాలి. ఆ ఉదయమే అత్తగారు మ్యూజియానికి బయల్దేరారు. ఆహా సార్ కంపెనీ పెద్దల్నెవరినో వెంటబెట్టుకొచ్చి, మా గది అద్దం అవతల నిలబడి మా పని చూపిస్తున్నాడు.

వీధి ఖాళీగానే ఉంది. అటూ ఇటూ మూసిన షట్టర్లు. కారు నిదానంగానే పోతోంది. ఆగి ఉన్న వ్యాను వెనకనుంచి ఒక పెద్దాయన సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు మీదికొచ్చాడు. సరిగ్గా తెర మధ్యలో. సైకిల్ మీద కూరగాయల సంచీ, సంచీలోంచి బయటికొచ్చిన ఉల్లికాడలు కూడా నాకు కనబడుతున్నాయి. కారు వేగం తగ్గలేదు.

"అత్తయ్యా! ఆగండి! ఆగండత్తయ్యా!"

కారు కీచుమని ఆగింది. పెద్దాయన బానెట్‌ని అరచేత్తో గట్టిగా చరిచి, తిట్టాల్సినవన్నీ తిట్టి, సైకిల్ నెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఏమైంది?" అన్నారు అత్తగారు. "ఎవరా తిట్టింది? ఎక్కణ్ణుంచి వచ్చాడు?"

ఆవిడ అతన్ని చూడనేలేదు. ఆగింది నా కేక విని.

గొంతు మాస్టారు మీటల మీద చేతులు గాల్లోనే ఆపేశాడు. తర్వాత ఆవిడ చాలా మెల్లగా అడిగారు.

"నన్ను ఏమని పిలిచావు?"

వేలి కింద "క్షమించండి, నాకు తెలియలేదు" అన్న మీట ఉంది. నొక్కితే ఎంతో కొంత నెగ్గుకురావచ్చు. నేను గొంతు మాస్టారి వైపు తిరిగి, ఆ డబ్బా తీసేయమన్నాను. ఆయన నా మొహం చూసి తీసేశాడు.

"నేనే అత్తయ్యా," అన్నాను, నా గొంతుతో.

"నువ్వా."

"అవునండీ."

"మొదటిరోజు నుంచీనా?"

"మొదటిరోజు నుంచీ."

కెమెరా బయటికే చూపిస్తుంది. ఆవిడ మొహం నాకు కనబడదు. వెనకెవరో హారన్ కొట్టారు. అత్తగారు గొంతు సవరించుకున్నారు. హెడ్మిస్ట్రెస్ గొంతు వచ్చింది, కానీ దానిలో బలం లేదు.

"కారు పక్కకి పెట్టాలి. ఎటు తిప్పాలో చెప్పు."

చెప్పాను. కొంచెం ఎడమకండీ. ఇంకొంచెం. చాలు. నెమ్మదిగా బ్రేకు. ఇంజను కట్టేయండి. అంత చిన్న దూరం దారి చెప్పడానికి నా బట్టలన్నీ చెమటకి తడిసిపోయాయి.

"అక్కడే ఉండండి. వస్తున్నాను."

గదిలోంచి బయటికొచ్చేసరికి ఆహా సార్ ఎదురొచ్చాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "ఆహా! చూశారా? 'అత్తయ్యా' అనగానే ఎంత ఠక్కున ఆగిందో ఆవిడ! చుట్టరికం వద్దని మీరే అడ్డుపడ్డారు. అది మళ్ళీ చర్చకి పెట్టాలండీ." నేను ఆయన్ని దాటుకుని మెట్లు దిగి, టాక్సీ ఎక్కాను.

కారు నేను ఆపించిన చోటే ఉంది. అత్తగారు స్టీరింగ్ దగ్గర లేరు. పక్క సీట్లోకి జరిగి, బెల్టు పెట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తాళం డ్రైవరు సీట్లో ఉంది. నేను తలుపు తీసి, తాళం తీసుకుని, ఆ సీట్లో కూర్చున్నాను.

కారు తీసి ఇంటివైపు తిప్పాను. రెండు కూడళ్ళు దాటాక ఆవిడ అన్నారు.

"ముసలాడికి దెబ్బ తగల్లేదు కదా?"

"లేదండీ. సైకిల్‌కి కూడా తగల్లేదు."

"మావాడికి నేనే చెప్తాను. నువ్వు చెప్పకు."

"సరేనండీ. కారు మాత్రం అమ్మనివ్వను."

"అమ్మకపోతే ఎవరు నడుపుతారు?"

"నేను. ఎక్కడికంటే అక్కడికి."

ఇంకో కూడలి వచ్చింది. అప్పుడు, అద్దంలోంచి ఎటో చూస్తూ అన్నారు.

"అది బాగుండేది."

"ఏదండీ?"

"అదే, కారులోది. ఎన్నిసార్లడిగినా విసుక్కునేది కాదు. నీకంటే వెయ్యి రెట్లు నయం."

"అది నేనే కదండీ."

"నువ్వే అయితే ఇంట్లో ఎక్కడికి పోయావు?"

మీరే నన్నెప్పుడూ పలకరించలేదు అనొచ్చు. కళ్ళ సంగతి దాచిపెట్టి తప్పు నామీదకి తోస్తారా అనొచ్చు. నా దగ్గర అలాంటివి తొమ్మిదేళ్ళవి నిలవున్నాయి. వాటన్నిటినీ తోసుకుని, నా నోట్లోంచి వేరే మాట జారిపోయింది.

"అక్కడ జీతమిస్తారత్తయ్యా."

అన్నాక నాలుక కరుచుకున్నాను. అత్తగారు మొహం నావైపు తిప్పారు. నా చెవి పక్కకి చూశారు, అంటే నన్నే చూశారు. తర్వాత ఆవిడ భుజాలు కదిలాయి. కడుపు పట్టుకుని, చేతిసంచీ కిందపడేలా, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆవిడ అలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. నేనూ నవ్వబోయాను. ఏడుపు వచ్చింది. రోడ్డు అలుక్కుపోయి, నాకు కూడా ముందున్నది కనబడలేదు. కారు పక్కకి తీసి ఆపేశాను.

ఆవిడ చెయ్యి గాల్లో కాస్త తడబడి, నా భుజం దొరకపుచ్చుకుని, అక్కడే ఆగింది. తియ్యలేదు.

"ఇక్కడ ఆపొచ్చో లేదో," అన్నారు కొంతసేపటికి. "బోర్డేమైనా ఉందేమో చూడమ్మా."

చూశాను. ఉంది. ఇక్కడ వాహనాలు నిలపరాదు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"ఏమీ లేదండీ," అన్నాను.